ఫెంగ్‌షుయిలో గుమ్మం: బొమ్మల కంటే ముందు చూడాల్సినవి

మన ఊళ్లలో ఫెంగ్‌షుయి అనగానే గిఫ్టు షాపు గుర్తొస్తుంది. నవ్వే బుద్ధుడు, నాణెం కరిచిపట్టిన మూడు కాళ్ల కప్ప, ఎర్ర దారంతో కట్టిన మూడు నాణేలు, గాలి గంటలు. వీటిలో రెండు మూడు కొని తలుపు దగ్గర పెడితే ప్రవేశం సరిపోయినట్టే అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. చైనా, హాంకాంగ్, సింగపూర్‌లలో ఇళ్లు చూసే అనుభవజ్ఞులు మాత్రం ఈ వస్తువుల దాకా చివర్లో వస్తారు, చాలా ఇళ్లలో అసలు రారు. తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, తెరవగానే చూపు ఎంత దూరం పోతోంది, చెప్పులు ఎక్కడున్నాయి, వెలుతురు ఎలా ఉంది అన్నవి వాళ్లు ముందు చూస్తారు. వస్తువులు కొనడం కంటే ఇవి సరిచేయడమే అసలు పని.

ఫెంగ్‌షుయి ప్రధాన ద్వారాన్ని చీ లోపలికి వచ్చే నోరు అంటుంది. చీ అంటే ఇంటినీ మనిషినీ నడిపించే ప్రాణశక్తి అని ఆ శాస్త్రం భావన. గాలి వేగానికి అది చెదిరిపోతుంది, నీరు ఎదురైన చోట నిలుస్తుంది అన్నది పునాది సూత్రం. గుమ్మం గురించి చెప్పే నియమాలన్నీ దీని నుంచి పుట్టినవే. లోపలికి వచ్చిన చీ నెమ్మదించి గదుల్లోకి పాకాలి. ఒక్క ఊపున దూసుకుపోయినా దోషమే, గుమ్మంలోనే ఇరుక్కుపోయినా దోషమే. ఈ రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. చీని ఆపాలన్న తాపత్రయంతో తలుపు వెనకంతా సామాను నింపేస్తారు. అందుకే తలుపు బయట కొంత, లోపల కొంత ఖాళీ జాగా ఉండి తీరాలన్నారు. దానికి మింగ్‌థాంగ్ అని పేరు. మన మాటలో చెప్పాలంటే వెలుగున్న ముంగిలి.

బీజింగ్ పాత ఇళ్లలో ఈ సూత్రం రాతిలో, ఇటుకలో కనిపిస్తుంది. నాలుగు వైపులా గదులు, మధ్యలో వాకిలి ఉండే ఆ ఇళ్లను సిహెయువాన్ అంటారు. సందుకు ఉత్తరం వైపున్న ఇంటికి వీధి గుమ్మం దక్షిణ గోడ మధ్యలో పెట్టరు, ఆగ్నేయ మూలకు జరుపుతారు. గుమ్మం దాటగానే ఎదురుగా యింగ్‌బి అనే అడ్డుగోడ వస్తుంది. ఇటుకలో చెక్కిన పూలో, అక్షరాలో ఉన్న ఆ గోడను చూస్తూ ఎడమకు తిరిగితే గానీ వాకిట్లోకి దారి దొరకదు. ఇంట్లో ఏం జరుగుతోందో వీధిలోకి కనిపించదు, చలికాలం గాలి నేరుగా లోపలికి కొట్టదు. గడప కూడా ఎత్తుగా ఉంటుంది, కాలు పైకెత్తి దాటాల్సిందే. తలుపు రెక్కల మీద చిన్ షుబావ్, యుచి గాంగ్ అనే ఇద్దరు యోధుల బొమ్మలు అతికిస్తారు. వీళ్లు 7వ శతాబ్దంలో థాంగ్ చక్రవర్తి థైజాంగ్ సేనానులు. వాళ్ల కాపలా ఉంటేనే రాజుకు రాత్రి నిద్ర పట్టేదన్న కథ నుంచి ద్వారపాలకులయ్యారు.

ఈ కాలం కట్టడాలకు వస్తే 2005లో తెరిచిన హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో ప్రధాన ద్వారాన్ని నిపుణుల సలహాతో 12 డిగ్రీలు తిప్పారు. రైల్వే స్టేషన్ నుంచి గేటు దాకా వచ్చే నడకదారిలో ఒక వంపు పెట్టారు. చీ తిన్నగా సముద్రంలోకి జారిపోకూడదన్నదే దానికి చెప్పిన కారణం. బీజింగ్ సందులో అడ్డుగోడ చేసిన పనే ఇక్కడ వంపు చేస్తోంది.

తలుపు నుంచి బాల్కనీ దాకా ఒకే గీత

ఫ్లాట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే దోషం ఇది. మెయిన్ డోర్ తీస్తే హాలు, హాలు చివర బాల్కనీ తలుపు, దాని అవతల ఆకాశం, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. హాంకాంగ్ నుంచి హైదరాబాద్ దాకా అపార్ట్‌మెంట్ ప్లాన్లు ఇలాగే వస్తున్నాయి. వచ్చిన చీ నిలవకుండా పోతుందని ఫెంగ్‌షుయి అంటుంది. మామూలు కంటికీ తేడా తెలుస్తుంది. మెట్ల దగ్గర నిలబడ్డ మనిషికి సోఫాలో కూర్చున్నవాళ్లు కనిపిస్తారు, రెండు తలుపులూ తీసినప్పుడు గాలి విసురుకు ఏదో ఒక తలుపు దభీమని పడుతుంది.

దీనికి పరిహారం తలుపుకు 1.2 నుంచి 1.5 మీటర్ల లోపల ఒక తెర. తెర అంటే గుడ్డ పరదా కాదు, చెక్క చట్రం. ఎత్తు 180 సెంటీమీటర్లు ఉంటే నిలబడ్డ మనిషి చూపు ఆగుతుంది. వెడల్పు తలుపు వెడల్పు కంటే కనీసం ఒక జానెడు ఎక్కువుండాలి. కింది సగం, అంటే నేల నుంచి 90 సెంటీమీటర్ల దాకా, మూసి ఉండాలి. పై సగం జాలీగానో, గరుకు అద్దంగానో ఉండాలి. ఈ పై సగం విషయంలోనే పని చెడుతుంది. పూర్తిగా ప్లైవుడ్‌తో మూసేస్తే ప్రవేశం చీకటి గూడు అవుతుంది, హాల్లోకి గాలి తగ్గుతుంది, దూసుకుపోయే దోషం పోయి ఇరుక్కుపోయే దోషం వస్తుంది. తెరను తలుపుకు మరీ దగ్గరగా, రెండు అడుగుల్లోపు పెట్టడం మరో పొరపాటు. గ్యాస్ సిలిండరో, ఫ్రిజ్జో లోపలికి తేవాల్సిన రోజున ఆ తెరను ఊడదీయక తప్పదు. పక్కన నడవడానికి 90 సెంటీమీటర్లు ఖాళీ మిగలకపోతే తెర ఆలోచన మానుకోవడమే నయం. అలాంటి చోట బాల్కనీ తలుపుకు పల్చటి కర్టెన్ వేసి, హాల్లో సోఫా వీపునో, ఎత్తైన మొక్కనో ఆ గీతకు అడ్డంగా జరిపితే చాలు. తెరను కింద నేలకో, పైన సీలింగుకో బిగించాలి. ఊగే తెర పిల్లలున్న ఇంట్లో ప్రమాదం, ఫెంగ్‌షుయి లెక్కలోనూ ఊగేదేదీ అడ్డు కాదు.

చెప్పుల సంగతి

ఎంత ఖరీదైన ద్వారమైనా చెప్పుల కుప్ప దగ్గర ఓడిపోతుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయట విడుస్తాం, కాబట్టి ఆ కుప్ప సరిగ్గా బయటి మింగ్‌థాంగ్‌లో పడుతుంది. చైనా ఇళ్లలో లోపలే విడిచి బీరువాలో పెడతారు. అందుకని చెప్పుల బీరువా గురించి వాళ్లకు వివరమైన నియమాలున్నాయి, వాటిలో చాలా వరకు మనకూ పనికొస్తాయి.

మొదటిది ఎత్తు. గది ఎత్తును మూడు భాగాలు చేసి పైది ఆకాశం, మధ్యది మనిషి, కిందది భూమి అంటారు. మట్టి తొక్కిన చెప్పులు కింది భాగంలోనే ఉండాలి. మూడు మీటర్ల సీలింగ్ ఉంటే బీరువా ఒక మీటరు దాటకూడదు. తలుపు పక్కన నేల నుంచి సీలింగ్ దాకా చెప్పుల అల్మరా కట్టించినవాళ్లు కింది మూడు అరల్లోనే చెప్పులు పెట్టి, పై అరలు గొడుగులకు, సంచులకు వాడుకోవచ్చు. రెండోది తలుపులు. బీరువా మూసి ఉండాలి, ఇనప కమ్మీల స్టాండు పనికిరాదు. మూడోది స్థానం. తలుపు తీయగానే ఎదురుగా కాకుండా పక్క గోడకు ఉండాలి. ఏటవాలు అరల్లో చెప్పు ముక్కు పైకి ఉండాలన్నది మరో నియమం.

కొలతలు తప్పితే ఈ నియమాలన్నీ పాటించినా బీరువా ముందు మళ్లీ కుప్పే పడుతుంది. పెద్దవాళ్ల జతకు 20 నుంచి 22 సెంటీమీటర్ల వెడల్పు, 32 సెంటీమీటర్ల లోతు కావాలి. 90 సెంటీమీటర్ల అరలో నాలుగు జతలు పడతాయి. నలుగురున్న ఇంట్లో రోజూ వాడేవి మనిషికి రెండు జతలనుకుంటే ఎనిమిది, పైగా వచ్చీపోయేవాళ్లవి. అంటే మూడు అరలు తప్పనిసరి. చెప్పులకు 15, బూట్లకు 18 నుంచి 20 సెంటీమీటర్ల అర ఎత్తు చాలు. నడవ వెడల్పు 120 సెంటీమీటర్లే అయితే 35 లోతు బీరువా పెట్టాక 85 మిగులుతుంది, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాలి. అలాంటి చోట 18 నుంచి 20 లోతుతో, ముందుకు వాలే ఏటవాలు అరల బీరువా కొనాలి. నేలకు ఆనించకుండా 15 సెంటీమీటర్ల కాళ్లుండాలి. ఆ ఖాళీలో రోజువారీ చెప్పులు జారుతాయి, తడిగుడ్డ పెట్టినప్పుడు ప్లైవుడ్ అడుగు నీళ్లు పీల్చి ఉబ్బదు. బీరువా తలుపులకు పైనా కిందా గాలి రంధ్రాలు లేకపోతే వానాకాలంలో తడి బూట్లు బూజు పట్టి వాసనేస్తాయి. గుమ్మం దగ్గర దుర్వాసనను ఫెంగ్‌షుయి చెడిన చీగానే చూస్తుంది, అగరువత్తితో కప్పిపుచ్చితే పోయేది కాదు. తడిసినవాటిని ఒక పూట బయట ఆరబెట్టాకే లోపల పెట్టాలి.

బీరువా పైభాగం ఖాళీ బల్లలా ఉంటుంది కాబట్టి తాళాలు, కరెంటు బిల్లులు, కొరియర్ కవర్లు, హెల్మెట్ అన్నీ అక్కడ చేరతాయి. ఒక చిన్న పళ్లెం తాళాలకు, ఒక దీపమో మొక్కో అలంకారానికి. మూడో వస్తువుకు చోటివ్వకపోవడం మేలు.

వెలుతురు, అద్దం

ముంగిలికి వెలుగు తప్పనిసరి. ఫ్లాటు నడవలో పగలు కూడా చీకటే కాబట్టి తలుపు బయట ఒకటి, లోపల ఒకటి, 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు కావాలి. మన షాపుల్లో ఎక్కువగా అమ్మే 6500 కెల్విన్ తెల్ల వెలుతురు ఇరుకు చోట కళ్లకు గుచ్చుకుంటుంది. 3000 నుంచి 4000 మధ్యది అడిగి తీసుకోవాలి. బయటి దీపం వచ్చినవాళ్ల ముఖం మీద పడాలి. వాళ్ల వెనక నుంచి వస్తే తలుపుకున్న చిన్న అద్దపు రంధ్రంలోంచి చూసినప్పుడు నల్లటి నీడ తప్ప ఏమీ కనిపించదు. మాడిన బల్బు, కిర్రుమనే బందు, మోగని కాలింగ్ బెల్, చెరిగిపోయిన ఇంటి నంబరు, ఈ నాలుగూ బాగుచేయకుండా ఏ పరిహారం పెట్టినా దండగే.

అద్దం తలుపుకు ఎదురుగా వద్దు, లోపలికి వచ్చిన చీని తిప్పి పంపేస్తుందంటారు. పక్క గోడకు పెడితే ఇరుకు ప్రవేశం విశాలంగా అనిపిస్తుంది. అయితే అందులో టాయిలెట్ తలుపు గానీ, చెప్పుల కుప్ప గానీ ప్రతిబింబించకూడదు, లేకపోతే ఒక్కటున్నది రెండవుతుంది. ఎనిమిది మూలల పాగువా అద్దం విషయంలో మన దగ్గర జరిగే పెద్ద తప్పు దాన్ని ఇంటి లోపల తగిలించడం. అది బయటి దోషాన్ని తిప్పికొట్టడానికి మాత్రమే, బయటే ఉండాలి. ఎదుటి ఫ్లాటు గుమ్మం వైపు గురిపెడితే వాళ్ల మీదికి విసిరినట్టు లెక్క, కాబట్టి అపార్ట్‌మెంట్ నడవలో దాన్ని వాడకపోవడమే మర్యాద.

తలుపు అవతల

పొడవాటి నడవ చివర సరిగ్గా ఎదురుగా తలుపు ఉంటే ఈటె పోటు దోషమంటారు. తలుపు ఎదుట కిందికి దిగే మెట్లుంటే చీ జారిపోతుందంటారు, పైకెక్కే మెట్లు అంత దోషం కాదు. లిఫ్టు ఎదురుగా ఉంటే దాని తలుపులు పదేపదే తెరుచుకుని మూసుకోవడం చీని కోస్తుందని చెబుతారు. మూడింటికీ మొదటి పరిహారం గడపే. టైల్స్ ఏకబిగిన పరిచేసే కొత్త ఫ్లాట్లలో గడప మాయమైపోతోంది. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు గ్రానైట్ పట్టీ వేసినా లోపలికీ బయటికీ ఎల్ల ఏర్పడుతుంది, నడవ కడిగిన నీళ్లు లోపలికి రావు. ఇంట్లో పెద్దవాళ్లో, చక్రాల కుర్చీ వాడేవాళ్లో ఉంటే మాత్రం పట్టీకి రెండు వైపులా వాలు పెట్టించాలి. గడప తర్వాత లోపలి తెర, ఆ తర్వాతే మొక్క. గుండ్రటి ఆకుల మనీప్లాంటు మంచిది. ముళ్ల జెముడు జాతులు గుమ్మం దగ్గర పెట్టరు. ఎండిన ఆకులున్న మొక్క కంటే ఖాళీ మూల నయం.

ఇక్కడ తెలుగువాళ్లకు వీధిపోటు గుర్తుకు రాక తప్పదు. కానీ రెండూ ఒకటి కావు. మన వాస్తు ఉత్తర ఈశాన్యం, తూర్పు ఈశాన్యం, దక్షిణ ఆగ్నేయం, పడమర వాయవ్యం వీధిపోట్లను మంచివంటుంది. చుట్టూ ఉన్న నేల, దారుల ఆకారాన్ని బట్టి చెప్పే ఫెంగ్‌షుయి ఆకారాల శాఖకు దిక్కుతో పనిలేదు, గుమ్మానికి తిన్నగా వచ్చి తగిలే ఏ దారైనా దోషమే. వాస్తు చూపించి ఈశాన్య పోటున్న స్థలం కొన్నవాళ్లు తర్వాత ఫెంగ్‌షుయి పుస్తకం చూసి కంగారుపడటం ఇందువల్లే.

అసలు రెండు శాస్త్రాలూ రెండు వాతావరణాల్లో పుట్టాయి. బీజింగ్ దాదాపు 40 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు అక్కడ 27 డిగ్రీల ఎత్తు కూడా ఎక్కడు, ఉత్తరం నుంచి గడ్డకట్టించే గాలి వీస్తుంది. కాబట్టి ఇంటి వీపు ఉత్తరానికి, ముఖం దక్షిణానికి. హైదరాబాద్‌లో అదే రోజున సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మనకు తప్పించుకోవాల్సింది చలి కాదు, ఎండ. మన వాస్తు తూర్పు, ఉత్తరాలను తెరిచి నైరుతిని బరువు చేయమంటుంది. దక్షిణ ముఖం ఇంటికి వీధి గేటు ఆగ్నేయం వైపు జరపడంలో మాత్రం బీజింగ్ పద్ధతీ తెలుగు వాస్తూ కలుస్తాయి.

పంచభూతాల దగ్గర విభేదం ఇంకా గట్టిది. ఫెంగ్‌షుయిలో కలప, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఆగ్నేయం మనకు అగ్ని, వాళ్లకు కలప. ఈశాన్యం మనకు నీరు, వాళ్లకు మట్టి. ఫెంగ్‌షుయి ఏళ్లను ఇరవయ్యేసి చొప్పున కాలాలుగా లెక్కిస్తుంది. 2004 నుంచి 2023 దాకా నడిచిన ఎనిమిదో కాలంలో నైరుతిలో నీరు పెట్టమంది. వాస్తులో అంతకంటే పెద్ద దోషం ఉండదు. 2024లో మొదలై 2043 దాకా సాగే తొమ్మిదో కాలానికి ఆ స్థానం ఉత్తరానికి మారింది, కాబట్టి పాత పుస్తకం చూసి అక్వేరియం నైరుతిలో పెట్టడం ఇప్పుడు రెండు లెక్కల్లోనూ తప్పే. దిక్కుల విషయంలో ఏదో ఒక్క శాస్త్రాన్నే పాటించాలి, కలగాపులగం చేయకూడదు. వెలుతురు, శుభ్రత, చెప్పులు, నడక దారి విషయంలో మాత్రం రెండింటికీ తగాదా లేదు.

దిక్కు తీయడం, రంగులు

లువోపాన్ అనే చైనా దిక్సూచి వృత్తాన్ని 24 భాగాలు చేస్తుంది, ఒక్కోటి 15 డిగ్రీలు. ఫోనులోని దిక్సూచితో పని కానివ్వొచ్చు గానీ అయస్కాంతం ఉన్న కవరు తీసేయాలి. గుమ్మంలో బయటికి ముఖం పెట్టి నిలబడి ఒకసారి, ఒక మీటరు బయటికి వెళ్లి ఒకసారి, రెండు మూడు మీటర్లు వెళ్లి ఇంకోసారి చూడాలి. ఐదు డిగ్రీలకు మించి తేడా వస్తే ఇనుప సేఫ్టీ డోరో, స్లాబు కమ్మీలో, లిఫ్టు మోటారో ముల్లును లాగుతున్నట్టు. అప్పుడు భవనం బయట, ఆరుబయట, అదే గోడకు సమాంతరంగా నిలబడి తీసిన లెక్కే నమ్మాలి.

గుమ్మం ఉత్తరమైతే నలుపు, ముదురు నీలం, దక్షిణమైతే ఎరుపు, తూర్పు, ఆగ్నేయాలకు ఆకుపచ్చ, చెక్క, పడమర, వాయవ్యాలకు తెలుపు, ఇత్తడి, ఈశాన్య, నైరుతులకు పసుపు, మట్టికుండలు. దీని కోసం గోడలు మార్చక్కర్లేదు, కాళ్లు తుడుచుకునే పట్టా, ఒక పటం చాలు. 1980ల్లో లిన్ యున్ అనే ఫెంగ్‌షుయి గురువు అమెరికాలో ప్రచారం చేసిన బ్లాక్ హ్యాట్ శాఖ అయితే దిక్సూచినే పక్కనపెట్టి, గుమ్మం ఏ దిక్కున ఉన్నా దాన్నే ఆధారంగా పెట్టుకుని ఇంటి పటం వేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వరకు ఆ శాఖవే కాబట్టి రెండు పద్ధతుల రంగులు కలిపేయకుండా చూసుకోవాలి.

ద్వారం కొలత

చైనా వడ్రంగులు తమ ఆది గురువుగా కొలిచే లు బాన్ పేరుతో ఉన్న కొలబద్ద వాడతారు. పొడవు 42.9 సెంటీమీటర్లు, ఎనిమిది గడులు, ఒక్కో గడి 5.36. వరసగా సంపద, రోగం, ఎడబాటు, ధర్మం, పదవి, దోపిడి, హాని, శుభం. ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది మంచివి. ద్వారబంధం లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, గడప పైనుంచి పైకమ్మి అడుగు దాకా కొలవాలి. వచ్చిన సంఖ్య నుంచి 42.9ని పోయినన్ని సార్లు తీసేసి మిగిలింది ఏ గడిలో పడుతుందో చూడాలి. లోపలి ఖాళీ మూడున్నర అడుగులు, అంటే 106.7 ఉంటే రెండు కొలబద్దలు పోగా 20.9 మిగులుతుంది, నాలుగో గడి, మంచిది. ఏడడుగుల ఎత్తు 213.4, నాలుగు కొలబద్దలు పోగా 41.8, ఎనిమిదో గడి. మూడడుగుల ఖాళీ మాత్రం 91.4, మిగిలేది 5.6, మొదటి గడి దాటి మూడు మిల్లీమీటర్లు రోగం గడిలోకి జారుతుంది. ద్వారబంధం మార్చాల్సిన పనిలేదు. రెక్క ఆనే గాడిలో కాకుండా ద్వారబంధం లోపలి ముఖానికి ఒక పక్క ఆరు మిల్లీమీటర్ల టేకు పట్టీ కొట్టిస్తే కొలత మొదటి గడిలోకి వస్తుంది. గాడిలో కొడితే తలుపు మూసుకోదు.

ఇలాంటి పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికీ లెక్క ఉంది. ఫెంగ్‌షుయి సంవత్సరం ఫిబ్రవరి 4 ప్రాంతంలో మారుతుంది. 2026లో, ఏటేటా దిక్కు మార్చుకునే అశుభ శక్తిగా చెప్పే ఐదో పసుపు నక్షత్రం, ఆ ఏటి అధిపతి థైసుయి, రెండూ దక్షిణంలోనే ఉన్నాయి, 2027లో ఐదో నక్షత్రం ఉత్తరానికి వెళుతుంది. గుమ్మం ఆ దిక్కున ఉంటే ఆ ఏడాది గోడ పగలగొట్టడం, గడప మార్చడం, డ్రిల్లింగ్ వంటివి వాయిదా వేయమంటారు. బల్బు మార్చడం, పట్టా మార్చడం, చెప్పుల బీరువా జరపడం, బందులకు నూనె వేయడం ఈ లెక్కలోకి రావు, అవి ఏ రోజైనా చేసుకోవచ్చు.